సొంత పాత విమానంలో ఫ్లయింగ్ నేర్చుకోవడం: బేగంపేటలో ఎందుకు కుదరదు, డాలస్‌లో ఎందుకు కుదురుతుంది

ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో బేగంపేట వదిలి శంషాబాద్ వెళ్లిపోయాయి గాని, చిన్న విమానాల చప్పుడు మాత్రం ఆ చుట్టుపక్కల బస్తీలకు ఈనాటికీ అలవాటే. శిక్షణ సంస్థలు అక్కడే ఉన్నాయి. హైదరాబాద్‌కు ఆగ్నేయంగా ఉన్న నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్ కూడా చాలాకాలంగా శిక్షణకు ఉపయోగపడుతూ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, అదే ఏడు జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాక, పిల్లలను పైలట్ చదువుకు పంపాలనుకునే తల్లిదండ్రుల సంఖ్య మన నగరంలో బాగా పెరిగింది. దాంతోపాటు ఒక సందేహం కూడా పదేపదే వినబడుతోంది. అమెరికాలో ఉన్న బంధువు ఎవరో యాభై ఏళ్ల నాటి చిన్న సెస్నా విమానం కొనుక్కుని, అందులోనే ఫ్లయింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు; లక్షలకు లక్షలు ఫీజులు కట్టే బదులు ఆ పని మనం ఇక్కడ ఎందుకు చేయకూడదు?

ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. అందులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. విమానం ఎవరిది, దానికి ఎంత వయసు, దాన్ని ఏ పనికి వాడుతున్నారు అన్న మూడింటినీ విడదీస్తే తప్ప చిక్కు వీడదు. మన దేశంలో అడ్డుపడేది ఎక్కువగా మూడోది. జనం భయపడేది మాత్రం రెండోదాన్ని చూసి.

‘ప్రైవేటు’ అన్న మాటకు చట్టంలో ఉన్న అర్థం

వ్యవహారంలో ప్రైవేటు విమానం అంటే ఒకరి సొంత విమానం. చట్టంలో ఆ మాట యజమాని ఎవరన్నదాన్ని బట్టి కాక, వాడకాన్ని బట్టి నిర్ణయమవుతుంది. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్ ప్రకారం ప్రజా రవాణాకు గాని, ప్రతిఫలం తీసుకుని చేసే ‘ఏరియల్ వర్క్’కు (రవాణా కాని ఇతర విమాన పనులకు) గాని వాడని విమానమే ప్రైవేటు విమానం. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినా, ఈ విభజన వెనుక ఉన్న ఆలోచన మారలేదు. సొంత కారుకు తెల్ల నంబరు ప్లేటు, అద్దెకు తిప్పే కారుకు పసుపు ప్లేటు ఉన్నట్టే ఇదీ. బండి ఒకటే అయినా డబ్బు చేతులు మారగానే దాని వర్గం మారుతుంది.

ఇక లైసెన్సు సంగతి. మన దేశంలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి ప్యాసై ఉండాలి, కనీసం 40 గంటల ఫ్లయింగ్ ఉండాలి. అందులో ఒంటరిగా చేసిన క్రాస్ కంట్రీ (ఒక ఎయిర్‌పోర్టు నుంచి మరోదానికి ప్రయాణం) 5 గంటలు, ఆ 5 గంటల్లో కనీసం 150 నాటికల్ మైళ్ల (ఒక్కోటి 1.85 కి.మీ.) ప్రయాణం ఒకటి ఉండాలి. ఉద్యోగానికి పనికొచ్చే కమర్షియల్ లైసెన్సుకైతే 18 ఏళ్లు, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్, మొత్తం 200 గంటలు కావాలి. అయితే ఈ గంటలు ఎక్కడ చేసినా లెక్కలోకి రావు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం పొందిన శిక్షణ సంస్థలో, ఆ సంస్థ అనుమతి పరిధిలోకి చేరిన విమానంలో, అర్హత ఉన్న ఇన్‌స్ట్రక్టర్ దగ్గర చేసిన గంటలే పనికివస్తాయి. తెలిసిన కెప్టెన్‌గారిని ఆదివారం పూట పిలిపించుకుని సొంత విమానంలో నేర్చుకునే పద్ధతికి ఈ చట్రంలో చోటు లేదు. లైసెన్సు వచ్చాక సొంత విమానం కొని నడపడానికి అడ్డు లేదు. అంటే సొంత విమానం మన దగ్గర చదువు అయ్యాక వచ్చేదే.

విదేశం నుంచి పాత విమానం తెప్పించుకోవాలంటే దారి ఇంకా ఇరుకు. దిగుమతికి ముందస్తు అనుమతులు, వయసు పరిమితులు, రికార్డుల పరిశీలన ఉంటాయి. ఇక్కడికి వచ్చాక ‘వీటీ’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్, ఎగరడానికి తగినదని చెప్పే ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్, ఏటేటా దాని సమీక్ష తప్పవు.

అమెరికా నియమం, అందులోని మెలిక

అమెరికాలో కథ వేరు. అక్కడి ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ నియమాల్లో పార్ట్ 61 అనే భాగం ప్రకారం శిక్షణ సంస్థలో చేరకుండానే, సర్టిఫికెట్ ఉన్న ఒక స్వతంత్ర ఇన్‌స్ట్రక్టర్ దగ్గర లైసెన్సు శిక్షణ మొత్తం పూర్తి చేయవచ్చు. అక్కడా కనీసం 40 గంటలే. అందులో 20 ఇన్‌స్ట్రక్టర్‌తో, 10 సోలోగా. విమానం ఎవరిదైనా ఫరవాలేదు, ఎగరడానికి తగిన స్థితిలో ఉంటే చాలు.

మెలిక తనిఖీల దగ్గర ఉంది. అమెరికాలో ప్రతి చిన్న విమానానికీ పన్నెండు నెలలకోసారి వార్షిక తనిఖీ తప్పనిసరి. దానికి తోడు, డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకునే విమానానికి, లేదా శిక్షణ ఇచ్చే మనిషి తానే సమకూర్చిన విమానంలో డబ్బు తీసుకుని నేర్పేటప్పుడు, ప్రతి 100 గంటలకూ మరో తనిఖీ కావాలి. దీన్ని మూడు సందర్భాలుగా విడదీసి చూద్దాం. టెక్సస్‌లో ఒకాయన సొంత విమానం కొని ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకున్నాడు. అతనికి వార్షిక తనిఖీ చాలు. అతని మిత్రుడు శిక్షణ సంస్థలో చేరి ఆ సంస్థ విమానంలో నేర్చుకుంటున్నాడు. ఆ విమానానికి రెండు తనిఖీలూ ఉండాలి. మూడో వ్యక్తికి ఇన్‌స్ట్రక్టరే తన సొంత విమానం తెచ్చి నేర్పుతున్నాడు. అదీ ఒక మనిషి సొంత విమానమే, అయినా 100 గంటల తనిఖీ పడుతుంది. ఒకే మోడల్, ఒకే ఏడాది, ఒకే పాఠం. విమానాన్ని ఎవరు సమకూర్చారన్నదాన్ని బట్టి నియమం మారింది.

అక్కడి మనవాళ్లకు ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది గమనించరు. అమెరికా రిజిస్ట్రేషన్ ఉన్న విమానం ఒక వ్యక్తి పేరున ఉండాలంటే ఆ వ్యక్తి అక్కడి పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి ఉండాలి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు డబ్బున్నా నేరుగా తమ పేరున రిజిస్టర్ చేయించుకోలేరు, ట్రస్టు లాంటి ఏర్పాటు చూసుకోవాలి. పౌరులు కానివాళ్లు లైసెన్సు శిక్షణ మొదలుపెట్టే ముందు అక్కడి రవాణా భద్రతా సంస్థ అనుమతి కూడా తీసుకోవాలి.

విమానం వయసును ఏ లెక్కన చూడాలి

1955లో మొదటిసారి ఎగిరిన సెస్నా 172 ఇప్పటికి 44 వేలకు పైగా తయారైంది. రెండు సీట్ల సెస్నా 150 ఉత్పత్తి 1958 నుంచి 1977 దాకా సాగింది, ఆ తర్వాత 152 దాని స్థానంలోకి వచ్చి 1985 దాకా నడిచింది. 1986లో 172 ఉత్పత్తి కూడా ఆగిపోయి, మళ్లీ 1996లో గాని మొదలుకాలేదు. ప్రమాదాల కేసుల్లో తయారీదారుల మీద పడిన నష్టపరిహారాల భారం ఆ విరామానికి ఒక ముఖ్య కారణం. పద్దెనిమిదేళ్లు దాటిన చిన్న విమానాల విషయంలో తయారీదారుల బాధ్యతకు హద్దు పెడుతూ 1994లో చట్టం వచ్చాకే ఉత్పత్తికి మళ్లీ ఊపిరి వచ్చింది. అందుచేత అందుబాటు ధరలో దొరికే విమానం అంటే చాలావరకు 1960, 70ల నాటిదే. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లోనూ ఇలాగే ఉండేది. బెంగళూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసి 1958లో మొదటిసారి ఎగరేసిన, 90 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న గుడ్డ తొడుగు పుష్పక్ విమానాలు దేశంలో ఎందరికో తొలి పాఠం చెప్పాయి.

కార్ల విషయంలో మనం తయారైన ఏడాదిని చూసి ధర కడతాం. విమానానికి అది పనికిరాదు. కనీసం మూడు వయసులను విడివిడిగా చూడాలి. మొదటిది క్యాలెండర్ వయసు. తుప్పు, రబ్బరు గొట్టాలు, వైరింగ్ లాంటివాటికి ఇదే ముఖ్యం. రెండోది ఎయిర్‌ఫ్రేమ్, అంటే ఇంజిన్ మినహా విమాన దేహం, ఎగిరిన గంటలు. లోహం అలసటకు ఇది కొలమానం. మూడోది ఓవర్‌హాల్ (ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయడం) తర్వాత ఇంజిన్ తిరిగిన గంటలు. 172లలో ఎక్కువగా కనిపించే లైకామింగ్ ఓ-320 ఇంజిన్‌కు తయారీదారు సూచించే ఓవర్‌హాల్ గడువు 2,000 గంటలు; 150లో ఉండే 100 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఓ-200కు 1,800.

ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగని సందర్భాలే అసలు పాఠం చెబుతాయి. 2018 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో శిక్షణలో ఉన్న పైపర్ కంపెనీ ‘యారో’ రకం విమానం ఒకదాని రెక్క గాల్లోనే ఊడిపోయి ఇద్దరు మరణించారు. రెక్కను మోసే స్పార్‌లో లోహం అలసి పగులు ఏర్పడిందని దర్యాప్తులో తేలింది. ఆ విమానం 2007లో తయారైంది, అంటే క్యాలెండర్ ప్రకారం పదకొండేళ్ల పడుచుది. అయితే అప్పటికే అది ఏడు వేల ఆరొందల గంటలకు పైగా ఎగిరింది, శిక్షణ విమానం కాబట్టి లెక్కలేనన్ని సార్లు దిగింది. దీని తర్వాత అమెరికా నియంత్రణ సంస్థ అనేక పైపర్ మోడళ్లలో, వాడకాన్ని బట్టి స్పార్ తనిఖీలు చేయాలని ఆదేశించింది. ఒక డాక్టరుగారు ఆదివారాలు మాత్రమే తీసి నడిపిన 1967 నాటి విమానం ఈ ఒక్క విషయంలో దానికంటే చిన్నది కావచ్చు.

అలాగని తక్కువ తిరిగిందే మేలు అనుకున్నా పొరపాటే. లైకామింగ్ ఇంజిన్లలో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. ఇంజిన్ నెలల తరబడి కదలకుండా ఉంటే దాని మీది నూనె పొర కిందికి జారిపోయి, గాలిలోని తేమకు లోహం తుప్పు పడుతుంది. ఆ తుప్పు మచ్చలు తిరిగి నడిపినప్పుడు అరుగుదలకు మొదలవుతాయి. పదేళ్లలో వంద గంటలు మాత్రమే తిరిగిన ఇంజిన్ అని గొప్పగా చెబితే అనుభవజ్ఞుడైన మెయింటెనెన్స్ ఇంజినీరు సంతోషించడు; ముందు సిలిండరు విప్పి చూడమంటాడు.

సీటు కింద పట్టా

పాత విమానాల లోపాల్లో చాలావాటికి ఇప్పటికే పేరూ నంబరూ ఉన్నాయి. ఒక మోడల్‌లో ప్రమాదకరమైన లోపం బయటపడినప్పుడు నియంత్రణ సంస్థ ‘ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్’ జారీ చేస్తుంది, దాన్ని అమలుచేయడం యజమాని బాధ్యత. వాటిలో ఒకటి సెస్నా సీటు పట్టాల గురించి 1987లో వచ్చింది. ముందు సీటు నేలకు బిగించిన రెండు పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. పట్టాలో వరుసగా గుండ్రటి రంధ్రాలుంటాయి, సీటు కింది పిన్ను ఏదో ఒక రంధ్రంలో దిగి సీటును పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి పిన్ను రాపిడికి గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది, పిన్ను కొస అరుగుతుంది. టేకాఫ్‌లో ముక్కు పైకి లేచిన క్షణంలో ఆ పిన్ను జారితే సీటు పైలట్‌తో సహా వెనక్కి పోతుంది. పడిపోతున్న మనిషి చేతికి దొరికినదాన్ని పట్టుకుంటాడు. అక్కడ దొరికేది కంట్రోల్ యోక్, అంటే విమానాన్ని నడిపే స్టీరింగ్ లాంటి పిడి. అది వెనక్కి లాగితే ముక్కు ఇంకా పైకి లేచి, వేగం పడిపోయి, విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు దాన్ని మోయలేకపోతాయి. అందుకే ఆ రంధ్రాలను, పిన్నులను, రోలర్లను ప్రతి 100 గంటలకు, లేదా వార్షిక తనిఖీలో కొలిచి చూడాలని ఆదేశం ఉంది. సొంత విమానంలో నేర్చుకునేవారు బయలుదేరే ముందు సీటును గట్టిగా ఊపి చూసే అలవాటు చేసుకోవడం దీనివల్లే.

పాత విమానంలో ఇంకో తికమక వేగం చూపే డయల్‌ది. 1970ల మధ్య దాకా వచ్చిన సెస్నాల్లో అది గంటకు మైళ్లలో ఉంటుంది, తర్వాతి వాటిలో నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లలో). స్కూలు విమానంలో 60 నాట్ల మీద దిగడం అలవాటైన విద్యార్థి పాత 150 ఎక్కి డయల్ మీద 60 చూస్తే, నిజానికి అది 52 నాట్లే. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) దించని 150 గంటకు 55 మైళ్ల దగ్గర స్టాల్ అవుతుందని దాని మాన్యువల్ చెబుతుంది కాబట్టి, మిగిలిన జాగా 5 మైళ్లు మాత్రమే. ఫ్లాప్స్ కూడా అంతే. పాతవి 40 డిగ్రీల దాకా దిగేవి, 152కు వచ్చేసరికి 30కి తగ్గించారు. 40 డిగ్రీలతో దిగబోతూ మళ్లీ పైకి లేవాల్సి వస్తే చిన్న ఇంజిన్ ఎంత కష్టపడుతుందో తెలిసిన తర్వాతే ఆ మార్పు.

మే నెల మధ్యాహ్నం ఒక లెక్క

పాత విమానం అనగానే జనం విరిగిపోతుందేమో అనుకుంటారు గాని, మన వాతావరణంలో ముందుగా ఎదురయ్యే ఇబ్బంది శక్తి చాలకపోవడం. బేగంపేట సముద్రమట్టానికి 1,742 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 11.5 డిగ్రీలు. మే నెలలో 40 డిగ్రీలుంటే తేడా 28.5. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున కలిపితే 3,420 అడుగులు. రెండూ కూడితే దాదాపు 5,160 అడుగులు. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. రన్‌వే బేగంపేటలోనే ఉన్నా, రెక్కలకూ ఇంజిన్‌కూ ఐదువేల అడుగుల పైన ఉన్నంత పల్చటి గాలే అందుతోందని దానర్థం. వెయ్యి అడుగులకు దాదాపు 3 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది కాబట్టి 100 హార్స్‌పవర్ ఇంజిన్ దగ్గర మనకు దక్కేది 85 దాకా మాత్రమే.

దీనికి బరువు లెక్క జోడించాలి. సెస్నా 150 గరిష్ఠ బరువు 1,600 పౌండ్లు, అంటే 725 కిలోలు. పాతబడ్డకొద్దీ రేడియోలు, రంగు పొరలు, మరమ్మతు రేకులు చేరి ఖాళీ బరువు పెరుగుతుంది. 500 కిలోలు అనుకుందాం. విద్యార్థి 95, ఇన్‌స్ట్రక్టర్ 85 కిలోలైతే 680 అయింది. మిగిలింది 45 కిలోలు. విమాన పెట్రోలు లీటరు 0.72 కిలోలు తూగుతుంది కాబట్టి 62 లీటర్లు మాత్రమే పోయాలి, వాడుకోదగిన ట్యాంకు సామర్థ్యం 85 లీటర్లయినా సరే. గంటకు 22 లీటర్లు తాగుతుందనుకుంటే రెండు ముప్పావు గంటల ప్రయాణం. అందులో అవసరానికి దాచే రిజర్వు పెట్రోలు తీసేస్తే పాఠానికి చాలు, దూరప్రయాణానికి చాలదు. పెళ్లి భోజనం ఎక్కువ తిన్న వారం పైలట్లు లెక్క మళ్లీ వేస్తారనే హాస్యం ఇక్కడినుంచి వచ్చిందే.

వానాకాలంలో ఇబ్బంది వేరు. కార్బ్యురేటర్ ఉన్న ఇంజిన్లో పెట్రోలు ఆవిరయ్యేచోట ఉష్ణోగ్రత ఒక్కసారిగా ముప్పై డిగ్రీల దాకా పడిపోగలదు. ఆగస్టులో 25 డిగ్రీల తేమగాలిలో ఇంజిన్ వేగం తగ్గించి దిగుతున్నప్పుడు లోపల మంచు పేరుకునేది అందుకే. హైదరాబాద్‌లో మంచేమిటని నవ్వుకునే విద్యార్థికి లోపలికి వేడిగాలి పంపే కార్బ్యురేటర్ హీట్ నాబ్ ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది. 1996 తర్వాతి 172ల్లో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి ఈ బెడద తప్పింది.

చవక అన్నది ఎంతవరకు నిజం

ఇవి అర్థం కావడానికి వేసిన ఊహా అంకెలు మాత్రమే. హ్యాంగర్ అద్దె, బీమా, వార్షిక తనిఖీ కలిపి ఏడాదికి 6 లక్షలు, ఎగిరిన గంటకు పెట్రోలు, నూనె, ఇంజిన్ నిధి కలిపి 7 వేలు అనుకుందాం. ఒక్కడే ఏడాదికి 60 గంటలు ఎగిరితే గంట ఖర్చు 17 వేలు. నలుగురు వాటాదారులు కలిసి 240 గంటలు ఎగిరితే 9,500. సొంత విమానం చవక అనేవాళ్లు రెండో లెక్క చెబుతుంటారు, నష్టం అనేవాళ్లు మొదటిది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పై లెక్కలో కలిపాం గాని, ఇంజిన్ నిధిని (ఓవర్‌హాల్ కోసం దాచే సొమ్మును) మరిచిపోవడం మాత్రం మామూలుగా ఇద్దరికీ ఉన్న జబ్బు. ఓవర్‌హాల్‌కు 24 లక్షలు, గడువు 2,000 గంటలు అనుకుంటే గంటకు 1,200 పక్కన పెట్టాలి. 1,500 గంటలు తిరిగిన ఇంజిన్‌తో విమానం కొన్నవాడు 18 లక్షల బాకీని కూడా కొన్నట్టే.

శిక్షణ నాణ్యత గురించీ వాదన ఉంది. ఒకే విమానంలో, ఒకే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర, ఖాళీ దొరికినప్పుడల్లా ఎగిరితే పాఠం తెగదని, బోల్టు బోల్టూ తెలుస్తుందని సొంత విమానం పక్షం వాళ్లంటారు. స్కూళ్లలో విమానం వంతు కోసం వారాల తరబడి ఎదురుచూసిన విద్యార్థులకు ఈ మాటలో బరువు తెలుస్తుంది. సిలిండరు ఒకటి పగిలి విమానం మూడు నెలలు హ్యాంగర్‌లో పడితే చదువు మొత్తం ఆగుతుందని, స్కూల్లో అయితే పక్క విమానం ఎక్కవచ్చని అవతలి పక్షం అంటుంది. 40 గంటల ప్రైవేటు లైసెన్సు సరదాగా తెచ్చుకునేవారికి మొదటి వాదన నప్పుతుందని, ఉద్యోగం కోసం గడువు పెట్టుకుని 200 గంటలు పూర్తి చేయాల్సినవారికి రెండోదే వర్తిస్తుందని నాకు అనిపిస్తుంది.

ఇక అమెరికాలో సొంత సెస్నాలో లైసెన్సు తెచ్చుకుని తిరిగి వచ్చినవారి సంగతి. సరిగా నమోదైన ఆ గంటలు వృథా కావు గాని, ఆ లైసెన్సుతో బేగంపేటలో నేరుగా వీటీ విమానం ఎక్కి కూర్చోలేరు. డీజీసీఏ పరీక్షలు, ఇక్కడి మెడికల్, రేడియో లైసెన్సు పూర్తిచేసి భారతీయ లైసెన్సుగా మార్పించుకోవాలి. అప్పుడు అధికారి మొదట చేతికి తీసుకునేది లాగ్‌బుక్. ఏ తేదీన, ఏ రిజిస్ట్రేషన్ విమానంలో, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎవరి సంతకంతో అని ఒక్కో వరుసా సరిచూస్తారు. సొంత విమానమే కదా అని తేదీలు తర్వాత రాసుకుందామని వదిలేసిన ఆదివారాలు అక్కడే పట్టుబడతాయి.